కోటు మీద పేరు

మా ఊరి పెట్రోలు బంకులోకి కారు వచ్చి ఆగితే ముందు అద్దం దిగుతుంది. తర్వాత ఒక చెయ్యి బయటికొస్తుంది, రెండు వేళ్ళ మధ్య కార్డుతో. ముఖం రాదు. ముఖానికి లోపల వేరే పనులుంటాయి: ఫోను, రేడియో, వెనక సీట్లో కొట్టుకుంటున్న పిల్లలు. "ఫుల్, రెగ్యులర్" అన్న రెండు మాటలు మాత్రం ఆ చేతి వెంట వస్తాయి. బయట నిలబడ్డ మనిషి కార్డు అందుకుని, మెషీన్లో గీసి, పైపు పెట్టి, ట్యాంకు నిండాక మూత బిగించి, కార్డు తిరిగిస్తుంది. చెయ్యి లోపలికి పోతుంది. అద్దం ఎక్కుతుంది.

ఒరెగాన్‌లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. ఎవడి బండిలో వాడు పెట్రోలు కొట్టుకోవడం డెబ్భై రెండేళ్ళపాటు ఇక్కడ చట్టవిరుద్ధం. మావాళ్ళు పక్కనున్న కాలిఫోర్నియాకి పోయినా బంకులో ఆగి, అద్దం దించి, చెయ్యి చాచి కూర్చుంటారు. వెనకనుంచి హారన్లు మోగేదాకా ఎవరో వస్తారనే అనుకుంటారు. అక్కడివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతారు. మేము వాళ్ళ చేతుల వాసన గురించి నవ్వుతాం.

మాకు అక్టోబరు నుంచి మే దాకా వాన. ఆ వానలో ముప్పై ఆరేళ్ళు నిలబడ్డ మనిషి ట్వైలా రస్ట్.

మా ఊరు మిల్లర్స్ ఫోర్డ్‌లో బంకు ఒక్కటే. దాని కప్పు మీద ఏదో కంపెనీ పేరు వెలుగుతూ ఉంటుంది కానీ ఆ పేరు ఊళ్ళో ఎవరి నోటా రాదు. "ట్వైలా దగ్గర కొట్టించుకొస్తా" అంటారు. "ట్వైలా దగ్గర కుడివైపు తిరుగు" అని దారి చెప్తారు. బంకు ఆమెది కాదు. అందులో ఒక్క మేకు కూడా ఆమెది కాదు. అయినా ఊరు దాన్ని ఆమె పేరుతోనే పిలిచింది. ముద్దుగా పిలిచిన ఆ పిలుపే తర్వాత ఆమె మెడకి చుట్టుకుంది.

ట్వైలా మొదట ప్లైవుడ్ మిల్లులో చెక్కపొరలు ఏరేది. మిల్లు మూతపడ్డ రోజుకి ఆమెకి పాతికేళ్ళు. అంతకుముందు రోజు యజమాని కూలీలందరికీ కొత్త చేతితొడుగులు పంచాడు. తెల్లారి వెళ్ళేసరికి గేటుకి గొలుసు. అప్పటినుంచి ఎవరైనా ఊరికే ఏదైనా చేతిలో పెడితే ట్వైలా దాన్ని తిరగేసి అడుగు చూస్తుంది. ఆమె మొగుడు డీన్ చేపలపడవల మీద పని దొరికిందని అలాస్కా వెళ్ళాడు. ఆర్నెల్లన్నాడు. రెండేళ్ళు ఉత్తరాలొచ్చాయి, తర్వాత అవీ లేవు.

బంకులో పని అడగడానికి వెళ్తే అప్పటి యజమాని హార్లన్ ఆల్డెన్ ఒక్కటే ప్రశ్న అడిగాడట, వానంటే భయమా అని. లేదంది. చేతుల్లేని నారింజ రంగు కోటు ఒకటి విసిరి, దానిమీద మార్కరుతో పేరు రాసుకోమన్నాడు. ఆ రోజే ఒక పాఠం కూడా చెప్పాడు. జనం కార్డు నీ చేతికిచ్చాక అది మళ్ళీ వాళ్ళ చేతికి చేరేదాకా భుజం ఎత్తున పట్టుకోవాలి, వాళ్ళ కంటికి కనపడుతూ ఉండాలి, ప్రాణం పోయినా జేబు దరిదాపులకి పోకూడదు. ఆ తర్వాత హార్లన్ దగ్గర పనిచేసిన ప్రతివాళ్ళకీ ఆ పాఠం ట్వైలాయే చెప్పింది. హార్లన్ కొడుకు కిప్‌కి కూడా, సెలవుల్లో వాడు బంకులో పనికొచ్చినప్పుడు.

ఆమెకి ముఖాలకంటే చేతులు బాగా తెలుసు. చూపించేవి అవే మరి. ఏ చేతికి పెళ్ళి ఉంగరం కొత్తగా వచ్చిందో, ఏ చేతిది పోయిందో, ఏ చెయ్యి పొద్దున్నే వణుకుతోందో ఆమె చెప్పగలదు. ఏ బండికి ట్యాంకు మూత ఏ పక్కనుందో గుర్తు. టైరులో గాలి తగ్గితే మనం అడక్కముందే చెప్తుంది. కార్డు తిరిగిచ్చేటప్పుడు దానిమీద పేరు చదివి, వేళ్ళ మధ్య కాకుండా అరచేతిలో పెడుతుంది. ఇన్నేళ్ళలో ఒక్క కార్డు కూడా చేతులు మారలేదు.

2023 ఆగస్టులో చట్టం మారింది. ఇకనుంచి బంకులో సగం పంపుల దగ్గర జనం తామే కొట్టుకోవచ్చు. మిగతా సగం దగ్గర మనిషి ఉండి తీరాలి. ధర రెండువైపులా ఒకటే. కొట్టుకునేవాడికి ఒక్క సెంటు తగ్గదన్నమాట. మరి మనిషిని తీసేస్తే మిగిలేది ఎవరికి? ఈ ప్రశ్న ఊళ్ళో ఎవరూ అడగలేదు. "మేమేమన్నా చిన్నపిల్లలమా, మా పెట్రోలు మేం కొట్టుకోలేమా" అని గర్వపడ్డవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో చాలామందికి ట్యాంకు మూత ఎలా తిప్పాలో తెలీదు.

తండ్రి తర్వాత బంకు చేతికొచ్చిన కిప్ వెనకవైపు పంపుల్ని సెల్ఫ్ చేశాడు, ఎవరికి వాళ్ళే కొట్టుకునేలా. అవి కార్ వాష్ గోడకి అవతల ఉంటాయి. ముందునుంచీ కనపడవు, దుకాణంలో కౌంటరు నుంచీ కనపడవు. అక్కడున్న కెమెరా ఏడాదిగా పనిచెయ్యడం లేదు. బాగుచేయించమని ట్వైలా రెండుసార్లు చెప్పింది. మనిషి అక్కర్లేదని పెట్టినచోట కెమెరా మాత్రం ఎందుకు?

ఆ వారమే కిప్ ఆమెకి కొత్త కోటు తెచ్చిచ్చాడు. గట్టి గుడ్డ, వెలుతురు పడితే మెరిసే పట్టీలు, గుండెల మీద యంత్రంతో కుట్టిన పేరు. ట్వైలా దాన్ని తిరగేసి చూసింది.

"ఎందుకిది?" అని అడిగింది.

"ఎందుకేంటి? పాతది చిరిగిపోయిందిగా."

"పదేళ్ళనుంచీ చిరిగే ఉంది."

కిప్ నవ్వేసి, ఇకమీదట వెనకవైపుకి వెళ్ళొద్దన్నాడు. ఆమె కనపడితే జనం దిగరట, చెయ్యి చాచి కూర్చుంటారట, అలవాటు తప్పదట. మాట సబబుగానే ఉంది. కానీ కొత్త చేతితొడుగులు తొడుక్కున్న మర్నాడు గేటుకి గొలుసు చూసిన మనిషికి సబబైన మాటలంటేనే ఎక్కువ అనుమానం. పాతకోటు పారెయ్యలేక కార్ వాష్ పక్క మేకుకి తగిలించింది. సెప్టెంబరు మొదటివారంలో చూస్తే మేకు ఉంది, కోటు లేదు.

కిప్‌ని అడిగితే తనకి తెలియదన్నాడు. ట్వైలా నమ్మలేదు. ఆమెకి మంగళ, బుధవారాలు సెలవు. ఆ రెండ్రోజులూ ముందువైపు కిప్ చూసుకునేవాడు. ఆమె ఇలా అల్లుకుంది: కిప్ తను లేనప్పుడు ఎవడో చవక మనిషిని తెచ్చి వెనకవైపు పని నేర్పుతున్నాడు. పాతకోటు వాడికిచ్చాడు. కొత్తకోటు తన నోరు మూయించడానికి. వాడికి పని పట్టుబడ్డ రోజున తనకి గొలుసు. ఆ రోజునుంచి కిప్ ఫోన్లో మాట్లాడుతుంటే చెవి అటు వేసేది. కిప్ కూడా అది గమనించి ఫోను పట్టుకుని బయటికి పోవడం మొదలుపెట్టాడు. దాంతో ఆమె అనుమానం రుజువైనంత పనైంది.

సెప్టెంబరు చివర్లో ఊళ్ళో కార్డులమీద దొంగ ఖర్చులు రావడం మొదలైంది. మొదట హార్డ్‌వేర్ దుకాణం వాళ్ళకి, తర్వాత చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడకి, తర్వాత వరసగా. ఎవరో ఎక్కడో నెవాడాలో టీవీలు కొన్నారు, టైర్లు కొన్నారు. షెరీఫ్ ఆఫీసునుంచి డెప్యూటీ కార్డోసా వచ్చి అందరినీ ఒకటే ప్రశ్న అడిగింది. ఈమధ్య కార్డు మీ చెయ్యి దాటి ఎక్కడికి పోయింది?

అందరూ ఒకటే జవాబు చెప్పారు. "ట్వైలా దగ్గర."

వాళ్ళ ఉద్దేశం బంకులో అని. డెప్యూటీ పైఊరి మనిషి. ఆమె పుస్తకంలో అది మనిషి పేరుగా పడింది. ఇద్దరు ముగ్గురు ఇంకో మాట కూడా అన్నారు, "ట్వైలాకే ఇచ్చాం, కోటు మీద పేరు కూడా ఉంది" అని. ముఖం చూశారా అని డెప్యూటీ అడగలేదు. ఊరివాళ్ళకి ట్వైలా ముఖం తెలియకపోవడమేంటి అనుకుని ఉంటుంది.

ఊరంతా అక్కడినుంచి తనే అల్లుకుంది. ముప్పై ఆరేళ్ళు వానలో నిలబడ్డ మనిషికి వయసు మీదపడితే ఏం మిగిలింది, అద్దె ఇల్లు తప్ప? ఉద్యోగం పోతుందని భయం ఉంది. భయం ఉంటే దొంగతనం ఉండదా? ఉన్నవాడి మీద అనుమానం వస్తే దాన్ని విచారణ అంటారు. లేనివాళ్ళ మీద వస్తే అదే తీర్పు. మా ఊరు మంచి ఊరే, ఎవరింట్లో చావైనా సాయంత్రానికి పది గిన్నెల కూర చేరుతుంది. అయినా ఆ నెల మేమంతా ట్వైలాని దొంగగానే చూశాం. కాఫీ గుడిసె కిటికీ దగ్గర మాటలన్నీ అవే. ట్వైలా రోజులు దగ్గరపడ్డాయి, కిప్ మాన్పించేస్తున్నాడు అని అక్కడ కాఫీ కోసం ఆగిన ప్రతివాడి చెవినా పడేది.

ఆమె మాత్రం చేతుల్లోనే తేడా పట్టింది. జనం కార్డు చాచేవాళ్ళు గానీ ఆమె పట్టుకున్నాక రెండో కొస వదిలేవాళ్ళు కాదు. ఒక్క క్షణం ఇద్దరూ ఆ కార్డుని చెరోవైపూ లాగేవాళ్ళు. హేజల్‌నట్ తోటల గస్ వెబర్ అయితే కార్డు వెనక్కి తీసేసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం ఆమె దగ్గర డీజిల్ కొట్టించుకునే మనిషి.

"ట్వైలా, నీమీద నాకేం లేదు" అన్నాడు అద్దం సగం ఎక్కించి. "కానీ ఇవాళ్టినుంచి నేను వెనకవైపు పోయి నేనే కొట్టుకుంటా."

"వెళ్ళు గస్. పచ్చ పిడి ఉన్నదే డీజిల్. మర్చిపోకు."

"తెలుసులే."

తెలీదని ఆమెకి తెలుసు.

అక్టోబరు మధ్యలో ఒక గురువారం కిప్ ఆమెని దుకాణం వెనక గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. చిన్నప్పట్నుంచీ పేరుపెట్టి పిలిచేవాడు ఆ రోజు "మిసెస్ రస్ట్" అన్నాడు. మారిన ఆ ఒక్క పిలుపుతో ఆమెకి సంగతి అర్థమైపోయింది.

"మిసెస్ రస్ట్, డెప్యూటీ సోమవారం వస్తానంది. మీతో మాట్లాడాలట. అప్పటిదాకా... నేను మిమ్మల్ని ఏమీ అనడం లేదు."

"అడుగు. ఏం అడగాలనుకుంటున్నావో అడుగు."

"మీ కోటు జేబులు ఒకసారి చూపిస్తారా?"

ఆమె లేచి నిలబడి జేబులు రెండూ బయటికి లాగింది. టైర్లలో గాలి కొలిచే పుల్ల, నూనెగుడ్డ, నాలుగు హేజల్‌నట్లు, దగ్గుబిళ్ళ ఒకటి బల్లమీద పడ్డాయి. దగ్గుబిళ్ళ దొర్లి కిందపడితే కిప్ వంగి తీసి ఇచ్చాడు. ఆమె తీసుకోలేదు.

"సోమవారం తర్వాత?" అని అడిగింది.

డెప్యూటీ ఏమంటుందో దాన్నిబట్టి అన్నాడు కిప్. కంపెనీవాళ్ళు కూడా అడుగుతున్నారన్నాడు. ఆమె వానలోకి వెళ్ళిపోయింది. ఆమెకిప్పుడు అంతా స్పష్టంగా ఉంది. తనని పంపెయ్యడానికి కిప్ వేసిన ఎత్తే ఇది. ఊరికే తీసేస్తే ఊరు ఊరుకోదు. దొంగ అంటే ఊరే తీసెయ్యమంటుంది. ఆమె ఎత్తు అనుకున్నది ఎత్తు కాదు. కిప్ పిరికివాడు, అంతే. కానీ కూలికి యజమాని పిరికితనమూ కుట్రా బయటినుంచి ఒకలాగే కనపడతాయి, ఫలితం కూడా ఒకటే. ఉద్యోగం పోతే ఇంకోచోట ఎక్కడో గిన్నెలు కడుక్కోవచ్చు. పేరు పోతే మిల్లర్స్ ఫోర్డ్‌లో ఆమె ఏ గుమ్మం తొక్కగలదు? సోమవారానికి నాలుగు రోజులుంది.

మర్నాడు, శుక్రవారం మధ్యాహ్నం, లూసిల్ ఫెన్నర్ వచ్చింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు బడి బస్సు నడిపింది. ఊళ్ళో సగంమంది ఆమె బస్సులో వాంతి చేసుకున్నవాళ్ళే. అందరి ముఖాలూ వెనకకి చూపే అద్దంలో చూసి చూసి, ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా మెడ తిప్పి కళ్ళలోకి చూసే అలవాటు ఆమెది. ఆమె కార్డు మీద కూడా ఎవడో టైర్లు కొన్నాడు. అయినా ముందువైపే ఆపి, కార్డు చాచి, రెండో కొస వదిలేసింది.

"ముఖం ఏంటి హనీ అలా పీక్కుపోయింది? తింటున్నావా?"

"తింటున్నాను మిసెస్ ఫెన్నర్."

"ఆ మనిషికైనా కాస్త పని చెప్పరాదూ? నువ్వొక్కదానివే తడుస్తున్నావు. మర్యాదస్తుడే పాపం, నా అద్దం కూడా తుడిచాడు."

ట్వైలా పైపు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఏ మనిషి?"

"వెనకవైపు ఉంటాడుగా, శుక్రవారాలు. సన్నటి గడ్డం. నలభై ఉంటాయేమో. మొన్నామధ్య ఇక్కడ వరస పెద్దదిగా ఉంటే నేను అటు తిప్పాను. కొట్టుకోవడం నాకేం తెలుసు, కూర్చున్నాను. అతనొచ్చి చెయ్యి చాపాడు, ఇచ్చాను." లూసిల్ నవ్వింది. "నీ కోటు ఇచ్చావు కదా అతనికి. మగాడి గుండెమీద ట్వైలా అని ఉంటే నవ్వొచ్చింది. ఆడపేరేంటయ్యా అన్నాను. అతను నవ్వలేదు."

ట్వైలా కార్డు మీద పేరు చదవడం మర్చిపోయి ఇచ్చేసింది. నవ్వని ఆ మనిషిని కూడా ఆమె మొదట దొంగ అనుకోలేదు. కిప్ పెట్టుకున్న మనిషే అనుకుంది. నెలన్నరగా మనసులో అల్లుకున్నది నిజమేనని పళ్ళు బిగించింది. తన కోటు వేసి, తన పేరు వేసి, తను తిరగకూడదన్న చోట నిలబెట్టాడు. జేబులు మాత్రం తనవి చూశాడు.

శుక్రవారం సాయంత్రం అయిదింటికి బంకు నిండుతుంది. తోటల్లోంచి, గోదాముల్లోంచి, కౌంటీ ఆఫీసులోంచి అందరూ ఒకేసారి వస్తారు. ముందువైపు వరస రోడ్డు దాకా పాకింది. ట్వైలా ఒక కారుకి పైపు పెట్టి లాక్ వేసి, మిగతా చేతులన్నిటినీ గాలిలో అలాగే వదిలేసి, కార్ వాష్ గోడ చుట్టూ తిరిగి వెనకవైపుకి వెళ్ళింది. ముప్పై ఆరేళ్ళలో వరసని వదిలి వెళ్ళడం అదే మొదటిసారి.

రెండో పంపు దగ్గర గస్ వెబర్ పికప్ ఆగి ఉంది. తన డీజిల్ తానే కొట్టుకుంటానని ట్వైలాని కాదని వచ్చిన గస్, అద్దం దించుకుని, లోపల ఫోన్ చూసుకుంటూ, చెయ్యి బయటికి చాచి ఉన్నాడు. ఆ చేతిలోంచి కార్డు అందుకుంటున్నాడు ఒక మనిషి. సన్నటి గడ్డం. నారింజ రంగు కోటు, చిరిగిన భుజం, గుండెల మీద మార్కరుతో ఆమె రాసుకున్న అక్షరాలు.

"అది నా కోటు" అంది ట్వైలా.

అతను కంగారు పడలేదు. "కిప్ ఇచ్చాడు. శుక్రవారాలు ఇటువైపు చూసుకోమన్నాడు. మీరేనా ట్వైలా? మానేస్తున్నారటగా."

ఆ మాట ఆమె అనుమానానికి సరిగ్గా అతికినట్టు సరిపోయింది. సరిపోయింది కాబట్టే నమ్మేసింది. ఇతనితో పనేముంది, కూలివాడు, తనలాంటివాడే. తేల్చుకోవాల్సింది కిప్‌తో. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. కిప్ పేరు దుకాణం తలుపు మీద రాసే ఉందనీ, ఆమె మానేస్తుందన్న మాట కాఫీ గుడిసె దగ్గర ఎవడికైనా దొరుకుతుందనీ ఆ క్షణంలో తట్టలేదు.

అయిదో అడుగుకి అలవాటు చొప్పున తల తిప్పి చూసింది. అతని చేతిలో కార్డు భుజం ఎత్తున లేదు. కిందికి, తొడ దగ్గరికి, కోటు జేబులోకి పోయి, కనురెప్పపాటులో మళ్ళీ బయటికొచ్చింది. ఆ తర్వాతే మెషీన్లోకి వెళ్ళింది.

కిప్ ఎంత చవక మనిషిని పెట్టుకున్నా ఆ ఒక్కటి నేర్పకుండా నిలబెట్టడు. ఎందుకంటే దాన్ని కిప్‌కి నేర్పింది తనే.

ఆమె వెనక్కి నడిచి వెళ్ళి కోటు మెడ దగ్గర రెండు చేతులతో పట్టుకుంది. చెక్కపొరలు ఏరిన చేతులు, పైపులు లాగిన చేతులు. అతను గుంజుకున్నాడు, వదల్లేదు. చివరికి భుజాలు ముడిచి, పాము కుబుసంలోంచి జారినట్టు కోట్లోంచి జారి పరుగెత్తాడు. రోడ్డు వారగా ఆపి ఉన్న బూడిద రంగు వ్యాన్ ఎక్కి పారిపోయాడు. ట్యాంకు మూత కుడిపక్క, దానికింద సొట్ట, వాషింగ్టన్ నంబరు పలక. ట్వైలా కళ్ళు అలవాటుగా ముందు ట్యాంకు మూతే చూశాయి, తర్వాత నంబరు. కోటు ఆమె చేతుల్లో మిగిలింది. దాని ఎడమ జేబులో అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె.

గస్ అప్పుడు తల బయటికి పెట్టాడు.

"ఏంటి ట్వైలా, అతన్ని ఎందుకు తరిమావు? ఇంకా డీజిలే పెట్టలేదు."

సోమవారం డెప్యూటీ వచ్చేసరికి పెట్టె, వ్యాన్ నంబరు రెండూ బల్లమీద ఉన్నాయి. కార్డు ఆ పెట్టెలో ఒకసారి గీస్తే చాలు, దాని వివరాలన్నీ నకలు పడిపోతాయని డెప్యూటీ చెప్పింది. మరో పదిరోజులకి దక్షిణాన ఇంకో ఊళ్ళో ఆ మనిషిని పట్టుకున్నారు. వ్యాన్లో ఇంకో మూడు కోట్లు దొరికాయట, మూడు బంకులవి, మూడు పేర్లతో. ఇంకో రాష్ట్రంలో అయితే బంకులో నిలబడి కార్డు అడిగేవాడిని చూసి జనం పోలీసుల్ని పిలుస్తారు. ఒరెగాన్‌లో కోటు ఒక్కటుంటే చాలని వాడు కనిపెట్టాడు. మనిషి అక్కర్లేదని మేం అనుకున్న చోటే మా చెయ్యి మనిషి కోసం చాచుకునే ఉందని మాకంటే వాడికే ముందు తెలిసింది.

కిప్ మారియన్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన తీపి రొట్టె ఒకటి డబ్బాలో తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మళ్ళీ "ట్వైలా" అన్నాడు.

"నేను నిన్ను దొంగ అనలేదుగా. అడిగాను, అంతే."

ఆమె డబ్బా పైకెత్తి అడుగు చూసింది. అడుగున ధర చీటీ తప్ప ఏం లేదు.

"నేను కూడా నిన్ను అనుమానించాను కిప్" అంది. "కానీ నీ జేబులు చూపించమని అడగడానికి నాకు ఏ గదీ లేదు."

వెనకవైపు కెమెరా బాగైంది. ఊరు క్షమాపణ చెప్పలేదు. ఊళ్ళు చెప్పవు, గిన్నెలో కూర పంపుతాయి. ఆ వారం ట్వైలా గుమ్మంలో నాలుగు గిన్నెలు చేరాయి. ఆమె రెండు తిని, రెండు కడిగి తిరిగి పంపింది. అంతా అయ్యాక కూడా కాఫీ గుడిసె దగ్గర ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు, "అయినా వాడికి ఆమె కోటే ఎలా దొరికింది?" అని.

ఆ మాట ట్వైలా చెవిన పడింది. మర్నాటినుంచి ఆమె కార్డు అందుకోవడం మానేసింది.

చట్టంలో ఉన్నది పెట్రోలు కొట్టడం. అది ఆమె చేస్తుంది, అద్దం తుడుస్తుంది, టైరు చూస్తుంది. కార్డు మాత్రం మీరే దిగి మెషీన్లో పెట్టుకోవాలి. కిప్ వద్దన్నాడు, వరస పెరుగుతోందన్నాడు. ఆ గురువారం లాంటి రోజు ఇంకోటి వస్తే, తన జేబులోకి ఎవరి కార్డో పోయిందని అనిపించుకోనంది.

నవంబరులో ఒక శుక్రవారం, అడ్డంగా కొడుతున్న వానలో, గస్ వెబర్ పికప్ ముందువైపే వచ్చి ఆగింది. అద్దం దిగింది. చెయ్యి బయటికొచ్చింది, రెండు వేళ్ళ మధ్య కార్డుతో.

"ఫుల్, డీజిల్."

ట్వైలా పచ్చ పిడి చేతిలో పట్టుకుని నిలబడింది. కదల్లేదు. వాన గస్ చేతి మీద, కార్డు మీద, చొక్కా అంచుమీద పడుతోంది. కాసేపు ఆ చెయ్యి గాలిలో వెతుక్కుంది, అటూ ఇటూ ఊగింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. అప్పటికిగానీ లోపలనుంచి తల తిరగలేదు. ముసలి ముఖం, తడిసిన కనుబొమలు, అర్థంకాని చూపు.

"తీసుకో ట్వైలా, తడుస్తోంది."

"దిగు గస్" అంది. "నేనూ తడుస్తున్నాను."